స్కాండినేవియన్ స్టైల్ ఇల్లు కావాలంటే ముందు ట్యూబ్‌లైట్ ఆపి చూడండి

ఇంటిని స్కాండినేవియన్ స్టైల్‌లో సర్దుకోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా సోఫాతో మొదలుపెడతారు. తెల్ల గోడలు, లేత రంగు చెక్క, సన్న కాళ్ళ టేబుల్, మూలన ఒక మొక్క. అన్నీ తెచ్చి సర్దాక పగటిపూట బాగానే ఉంటుంది. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేయగానే అది మళ్ళీ ఎప్పటి హాలే అయిపోతుంది. ఖర్చే మిగులుతుంది, అనుకున్న ఇల్లు మాత్రం రాదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. లైట్లతో మొదలుపెట్టండి. కుర్చీలు, బల్లలు ఆ తర్వాత. ఈ స్టైల్ పుట్టిన డెన్మార్క్, స్వీడన్, నార్వే, వాటి పక్కనే ఉన్న ఫిన్లాండ్ వెలుతురు కరువున్న దేశాలు. డిసెంబరు మూడో వారంలో కోపెన్‌హాగెన్‌లో పగలు 7 గంటలే, స్టాక్‌హోమ్‌లో 6 గంటలే. అదే రోజు హైదరాబాద్‌లో దాదాపు 11 గంటలు. ఏడాదిలో సగం సాయంత్రాలు ఇంట్లో దీపం కిందే గడిపే మనుషులు ఆ దీపం ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తులో ఉండాలి, కంటికి ఎలా తగలాలి అని తరాల తరబడి ఆలోచించారు. ఆ ఆలోచన అర్థమైతే సగం పని అయిపోయినట్టే. అర్థం కాకుండా తెల్ల రంగొక్కటీ తెచ్చుకుంటే ఆసుపత్రి గదిలా తయారవుతుంది.

చీకటి పడ్డాక ఇల్లంతా తిరగండి

ఒక కాగితం, పెన్ను తీసుకుని సాయంత్రం ఏడు దాటాక ఇల్లంతా తిరగండి. గది కొలతలు ఇప్పుడు అక్కర్లేదు. ఆ సమయంలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఏం చేస్తున్నారో రాసుకోండి. పిల్లలు హోంవర్క్ చేసేది బల్ల మీదా, మంచం మీదా? నాన్నగారు పేపరు చదివేది ఏ కుర్చీలో? అమ్మ కూరలు తరిగేది వంటింటి గట్టు మీదా, టీవీ ముందా? అందరూ కలిసి కూర్చునే చోటేది?

ఇప్పుడు అక్కడ కూర్చున్నవాళ్ళ చేతుల మీద వెలుతురు ఎలా పడుతోందో చూడండి. మన ఇళ్ళలో లైటు పాయింటు గోడకి పైన, దాదాపు సీలింగ్ దగ్గర ఉంటుంది. ఆ ఒక్క ట్యూబ్ గది మొత్తానికీ ఒకే రకమైన వెలుతురు పోస్తుంది. గది కనిపిస్తుంది కానీ చదివే పేజీ మీద మన నీడే పడుతుంది, ఎదుటివాళ్ళ కళ్ళ కింద నల్లటి చారలు కనిపిస్తాయి. ఫాల్స్ సీలింగ్ చేయించి పన్నెండు డౌన్‌లైట్లు పెట్టించినా ఇదే కథ, కాకపోతే పన్నెండు చోట్ల నుంచి.

డేనిష్, అంటే డెన్మార్క్ వాళ్ళ, ఇంట్లో పద్ధతి వేరు. పైన వెలిగే పెద్ద లైటు ఉండదు, ఉన్నా వేయరు. మనుషులు ఉండే చోట మాత్రమే చిన్న చిన్న వెలుతురు మడుగులు ఉంటాయి. బల్ల మీద ఒకటి, చదివే కుర్చీ పక్కన ఒకటి, కిటికీ గట్టు మీద ఒకటి, పుస్తకాల అల్మారా దగ్గర ఒకటి. వాటి మధ్య కాస్త చీకటి ఉండనిస్తారు. ఆ చీకటి ఉండబట్టే వెలుగున్న చోటికి వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది. మీ కాగితం మీద రాసుకున్న చోట్లే మీ లైట్ల లిస్టు. హాలూ డైనింగూ కలిసిన మామూలు ఫ్లాట్‌కి నాలుగో ఐదో వస్తాయి. అంతకు మించి అవసరం లేదు.

బల్బు మార్చడం: ఈ వారంలోనే చేసే పని

ఏ లైటూ కొనకముందే చేయగలిగిన పని ఇది. మన షాపుల్లో ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద సాధారణంగా రెండు రకాలు ఉంటాయి. ‘కూల్ డేలైట్’ అంటే 6500 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత ఇది), నీలం కలిసిన తెలుపు. ‘వార్మ్ వైట్’ అంటే 2700 లేదా 3000 కెల్విన్, పసుపు కలిసిన తెలుపు. పాత ఫిలమెంట్ బల్బు వెలుగు దాదాపు 2700. నూనె దీపం ఇంకా కిందికి, 1900 దగ్గర ఉంటుంది. కూర్చునే గదులకి, పడక గదులకి 2700 తీసుకోండి. అది దొరక్కపోతే 3000. వంటింట్లో గట్టు మీదికి 4000 పెట్టుకున్నా తప్పులేదు, అక్కడ కత్తితో పని.

వాట్లు చూసి కొనకండి, ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురు దాదాపు 800 ల్యూమెన్లు. ఎల్‌ఈడీలో అది 8, 9 వాట్లకే వస్తుంది. భోజనాల బల్ల మీదికి అది చాలు. చదివే లైటుకి 450 అటూ ఇటూ, కిటికీ దగ్గర మూల దీపానికి 200, 250 సరిపోతాయి.

డబ్బా మీద ఇంకో అంకె వెతకండి: సీఆర్‌ఐ. ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది. 80 మామూలు, 90 దాటితే మంచిది. తేడా తెలియాలంటే రెండు బల్బుల కింద ఒకే పళ్ళెం పెట్టి చూడండి. టమాటా పచ్చడి, కాస్త పండుమిరప. తక్కువ సీఆర్‌ఐ ఉన్న బల్బు కింద ఎరుపు ముందు చచ్చిపోతుంది, పచ్చడి గోధుమరంగుకు దిగుతుంది. అన్నం తినే చోట ఇలాంటి బల్బు ఎవరికీ వద్దు.

ఇంకో చిన్న సంగతి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి పిన్ను హోల్డర్లు, అంటే బీ22. స్కాండినేవియన్ లైట్లన్నీ దాదాపు స్క్రూ హోల్డర్లే, ఈ27 లేదా సన్నటి ఈ14. బల్బు కొనేటప్పుడు ఇది మరిస్తే మళ్ళీ షాపుకి తిరగాలి. వెలుతురు తగ్గించుకునే డిమ్మర్ పెట్టిద్దామనుకుంటే ‘డిమ్మబుల్’ అని రాసి ఉన్న బల్బే తీసుకోండి. ఫ్యాన్ రెగ్యులేటర్‌కి ఎల్‌ఈడీ కలిపేస్తామంటే ఒప్పుకోకండి, బల్బు రెపరెపలాడి త్వరగా పోతుంది.

భోజనాల బల్ల మీద లైటు

డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. ఇల్లంతా ఒకచోట చేరేది ఈ బల్ల దగ్గరే.

ఈ విషయంలో అందరికీ గురువు పౌల్ హెన్నింగ్‌సెన్ అనే డేనిష్ ఆయన, 1894లో పుట్టారు. కిరోసిన్ దీపాల వెలుగులో పెరిగి, కరెంటు బల్బు వచ్చాక అది కళ్ళలోకి గుచ్చుతోందని గమనించిన తరం ఆయనది. బల్బు కనపడకూడదు, వెలుతురు మాత్రం వృథా కాకూడదు, ఇదీ ఆయన పెట్టుకున్న లెక్క. 1920ల మధ్యలో లూయీ పౌల్సెన్ కంపెనీ కోసం మూడు పొరల షేడ్ తయారుచేశారు. ఒకదాని కింద ఒకటిగా మూడు గిన్నెలు బోర్లించినట్టు ఉంటుంది. వాటి వంపుని లాగరిథమిక్ స్పైరల్ అనే గణిత రేఖ నుంచి తీసుకున్నారు. బల్బు నుంచి వచ్చే వెలుతురు ప్రతి పొర మీదా దాదాపు ఒకే కోణంలో తగిలి, మెత్తబడి, కిందికీ పక్కలకీ వెళ్తుంది. 1958లో వచ్చిన పీహెచ్ 5 ఇప్పటికీ డెన్మార్క్‌లో లెక్కలేనన్ని ఇళ్ళలో బల్ల మీద వేలాడుతూ ఉంటుంది. పేరులోని పీహెచ్ ఆయన పేరు పొడి అక్షరాలు, 5 ఆ లైటు వెడల్పు 50 సెంటీమీటర్లను సూచిస్తుంది. బల్బు కంపెనీలు ఊరికే బల్బు ఆకారాలు మారుస్తుంటే విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా కంటికి తగలకుండా ఉండేలా దాన్ని గీశారు. లోపల కనిపించీ కనిపించని ఎరుపు, నీలం రంగు ముక్కలు ఉంటాయి. మన కంటికి ఆ రెండు కొసల రంగులు తక్కువ తెలుస్తాయని, వాటిని కాస్త ఎత్తి చూపడానికి పెట్టారు. అదే ఏడాది కోపెన్‌హాగెన్‌లోని లాంగెలీనీ పెవిలియన్ రెస్టారెంట్ కోసం చేసిన ఆర్టిచోక్ లైటుకి 72 రేకులు. ఎటు నుంచి చూసినా బల్బు కనపడదు.

అసలు పీహెచ్ 5 కొనడం అందరివల్లా అయ్యే పని కాదు, దాని ధర, దిగుమతి ఖర్చు రెండూ ఎక్కువే. కానీ అందులోని లెక్క ఉచితం. ఏ షేడ్ కొన్నా ఇలా సరిచూసుకోండి.

బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకుందాం. షేడ్ కింది అంచు బల్లకి 60 సెంటీమీటర్ల పైన ఉండాలి, అంటే నేల నుంచి 135. కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి దాదాపు 120 దగ్గర ఉంటాయి. అంటే కళ్ళు అంచు కన్నా 15 సెంటీమీటర్లు కింద. షేడ్ వెడల్పు 40 అయి, మీరు దాని నడిమధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, అంచు కిందనుంచి మీ చూపు షేడ్ మధ్యలో అంచు కన్నా ఏడున్నర సెంటీమీటర్ల పైవరకూ వెళ్తుంది. బల్బు కొస అంతకన్నా లోపలికి ఉండాలి. బల్బు లావు కూడా కలుపుకుంటే పది సెంటీమీటర్ల లోతు ఉంటే బెంగ లేదు. షాపులో టేప్ అడిగి ఈ ఒక్క కొలత తీసుకోండి. పైకి పీహెచ్‌లా కనిపించే చవక నకళ్ళలో సాధారణంగా తప్పేది ఇక్కడే. పొరల వంపు కాస్త అటూ ఇటూ అయినా బల్బు తొంగిచూస్తుంది, పేరుకే అది పీహెచ్. అందం సంగతి పక్కన పెట్టండి, కళ్ళలో గుచ్చుతుంటే ఆ ఆకారానికి అర్థమే లేదు.

కొనేముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. అంతే వెడల్పున్న గిన్నెగానీ అట్టపెట్టెగానీ పురికొసతో కట్టి అదే ఎత్తులో వేలాడదీసి రెండు మూడు రోజులు ఉంచండి. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం కనిపిస్తోందా, వడ్డించేవాళ్ళ తలకి తగులుతోందా తెలిసిపోతుంది. మన ఇళ్ళలో నిలబడి వడ్డిస్తారు, వాళ్ళకి అడ్డం వస్తోందనిపిస్తే 60ని 70 చేయండి. డేనులు గిన్నెలు బల్ల మీదే చేతులు మార్చుకుంటారు కాబట్టి వాళ్ళకి ఈ సమస్య రాదు.

ఇక ఫ్యాన్. కోపెన్‌హాగెన్ పుస్తకాల్లో దొరకని చిక్కు ఇదే. మన బల్ల సాధారణంగా ఫ్యాన్ కిందే ఉంటుంది, స్లాబులో హుక్ కూడా అక్కడే వదులుతారు. ఫ్యాన్ గాలికి లైటు ఊగుతుంది. లైటు రెక్కల కన్నా పైన ఉంటే బల్ల మీద నీడలు గిరగిరా తిరుగుతాయి. మూడు దారులు ఉన్నాయి. ఫ్యాన్‌ని గోడ ఫ్యాన్‌గా మార్చడం ఒకటి. బల్లని ఫ్యాన్ నుంచి పక్కకి, గోడ వైపుకి జరిపి, లైటు వైరుని సీలింగ్ పాయింటు నుంచి తీసుకెళ్ళి బల్ల పైన చిన్న కొక్కేనికి తగిలించి వేలాడదీయడం రెండోది. వైరు అలా కొంచెం వంగి కనిపించడం అక్కడ మామూలే, దాన్ని దాచరు. మూడోది గోడకి బిగించే పొడవు చేతి లైటు, బల్ల మీదికి వంగి ఉండేది. మామూలు ఫ్యాన్ రెక్కలు తిరిగే వెడల్పు 120 సెంటీమీటర్లు. లైటుకీ రెక్క కొసకీ మధ్య కనీసం రెండడుగులు వదలండి. ఈ మూడింటిలో రెండో దారే చవక, అద్దె ఇంట్లోనూ చేసుకోవచ్చు.

లైటు ఎంపికలో మన వాతావరణం వల్ల వచ్చే మాట ఇంకోటి. తొలకరి వానలకి ఉసిళ్ళు వస్తాయి. పైన తెరిచి ఉన్న షేడ్లలో అవి రాలి పేరుకుంటాయి. వార్మ్ వైట్ వెలుగుకి పురుగులు కాస్త తక్కువ వస్తాయి, అయినా స్టూలేసుకుని విప్పి తుడవగలిగే షేడ్ తీసుకోండి. మడతల కాగితం షేడ్లు, డెన్మార్క్‌లో లె క్లింట్ వాళ్ళు 1943 నుంచి చేతితో మడిచి చేస్తున్న రకం, చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. కానీ దుమ్ము మడతల్లో కూర్చుంటుంది. రోడ్డు పక్క ఇల్లయితే మెత్తటి బ్రష్‌తో వారానికోసారి దులపగలననుకుంటేనే తెచ్చుకోండి.

మిగతా మూలలు

చదివే కుర్చీ పక్కన నిలబడే లైటు: షేడ్ కింది అంచు మీరు కూర్చున్నప్పుడు కళ్ళకి కొద్దిగా కింద లేదా సమానంగా ఉండాలి, భుజం వెనక నుంచి పేజీ మీద పడాలి. కిటికీ గట్టు మీద చిన్న దీపం స్వీడన్‌లో దాదాపు ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. వీధిలోంచి చూస్తే వరసగా కిటికీలు వెచ్చగా వెలుగుతుంటాయి. మనం కర్టెన్లు వేసేస్తాం కాబట్టి ఆ దీపాన్ని పుస్తకాల అల్మారాలోకి మార్చుకోండి. ప్లగ్ పాయింట్లు సరిపోకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సులు లాగేకన్నా, పెయింటింగ్ పని పెట్టుకున్నప్పుడే నేలకి అడుగు ఎత్తులో ఇంకో రెండు పాయింట్లు వేయించుకోవడం మేలు. ఆ ఖర్చు చిన్నది, ఉపయోగం రోజూ ఉంటుంది.

పాత ట్యూబ్‌లైట్ పీకేయకండి. ఇల్లు ఊడ్చేటప్పుడు, కిందపడిన చెవిపోగు వెతికేటప్పుడు అదే కావాలి.

కుర్చీని తిరగేసి చూడండి

లైట్లు కుదిరాక కుర్చీలు. సోఫాకన్నా ముందు కుర్చీలే చెప్తున్నాను, ఎందుకంటే ఈ డిజైన్ సంప్రదాయం బతికింది కుర్చీలోనే. 1924లో కోపెన్‌హాగెన్ రాయల్ అకాడమీలో ఫర్నిచర్ పాఠం మొదలుపెట్టిన కోరె క్లింట్, శిష్యులచేత మనుషుల కొలతలు, గిన్నెల కొలతలు, చొక్కా మడత కొలతలు తీయించి అప్పుడు బీరువాలు, బల్లలు గీయించేవారు. ఆయన 1933లో చేసిన సఫారీ చెయిర్‌కి మూలం మన దేశంలోనే ఉంది. బ్రిటిష్ సైన్యంలో అధికారులు విప్పి మోసుకెళ్ళే రూర్కీ కుర్చీ చూసి చేశారు. ఉత్తరాదిలోని రూర్కీ ఊరి పేరే దానికి. జిగురు లేదు, మేకు లేదు, చెక్క కడ్డీల మీద గుడ్డ బిగిస్తే కుర్చీ అవుతుంది.

మీరు షాపులో చేయాల్సింది ఇది. కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోండి, ఫోన్ చూడకుండా. పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. భోజనాల కుర్చీ సీటు ఎత్తు 43 నుంచి 46 సెంటీమీటర్ల మధ్య ఉంటే మనలో ఎక్కువమందికి సరిపోతుంది. తర్వాత లేచి, సేల్స్ అబ్బాయి ఏమనుకుంటాడో అని మొహమాటపడకుండా కుర్చీని తిరగేయండి. కాలూ అడ్డకర్రా కలిసే చోట చెక్కలో చెక్క దిగిన కీలు ఉందా, లేక రెండు స్క్రూలు, ఎల్ ఆకారపు రేకు ఉన్నాయా? అడుగున స్టేపుల్ పిన్నులు వరసగా కనిపిస్తున్నాయా? ఒక వెనక కాలు పట్టుకుని కొద్దిగా మెలితిప్పితే కిర్రుమంటోందా? పైన ఎంత నున్నగా ఉన్నా ఆయుష్షు చెప్పేది అడుగు భాగమే.

ప్లైవుడ్ అనగానే తక్కువగా చూడొద్దు. డేనిష్ ఆర్కిటెక్ట్ ఆర్నె యాకబ్‌సెన్ 1952లో ఒక మందుల కంపెనీ క్యాంటీన్ కోసం చేసిన యాంట్ చెయిర్, 1955లో వచ్చిన సిరీస్ 7 రెండూ వంచిన ప్లైవుడ్డే. సిరీస్ 7లో తొమ్మిది పొరల వెనీర్ (పల్చటి చెక్క రేకు), మధ్యలో రెండు పొరల నూలు గుడ్డ. ఫిన్లాండ్‌లో ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్తో 1933లో చేసిన స్టూల్ 60 మూడు కాళ్ళ పీట, ఎత్తు 44 సెంటీమీటర్లు. బర్చ్ కర్ర కొసని పొరలుగా చీల్చి, మధ్యలో సన్న పలకలు దూర్చి, వంచి, సీటుకి బిగించారు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే చిన్న ఫ్లాట్‌లో చుట్టాలు వచ్చినప్పుడు తీసుకోవచ్చు, మిగతా రోజుల్లో మంచం పక్కన పుస్తకాలు పెట్టుకోవచ్చు. అసలుది కొనకపోయినా మూడు కాళ్ళు పేర్చుకునే స్టూళ్ళు మన దగ్గర సులువుగా దొరుకుతాయి, మొదటి ఫర్నిచర్ కొనుగోలు అదైతే బాగుంటుంది.

డేనిష్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ చెయిర్‌ని చూస్తే మాత్రం చేత్తో ముట్టుకోకుండా ఉండలేం. సీటు మొత్తం పేపర్ కార్డ్, అంటే మెలితిప్పిన కాగితం తాడు. ఒక్క సీటుకి దాదాపు 120 మీటర్లు, అదంతా ఒక మనిషి గంటసేపు నిలబడి చేత్తో అల్లాలి. దగ్గర నుంచి చూస్తే నాలుగు మూలల నుంచి అల్లిక మధ్యకి వచ్చి కలుసుకుంటుంది, మన నులక మంచం అల్లినట్టే బిగుతంతా మనిషి చేతిలో ఉంటుంది. ఏళ్ళ తరబడి కూర్చున్నాక సీటు మన ఒంటి ఆకారానికి కొద్దిగా దిగుతుంది. సాగిపోతే మళ్ళీ అల్లించుకోవచ్చు, కుర్చీ పారేయక్కర్లేదు. మీ ఇంట్లో నవారు, కేన్ కుర్చీలు ఉంటే వాటిని బయటికి తీయండి. ఇదే వంశం అవి.

పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఒక జాగ్రత్త. స్కాండినేవియన్ లౌంజ్ చెయిర్లు చాలావరకూ కిందికి ఉంటాయి, వెనక్కి వాలి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చోగలరు, లేవలేరు. వాళ్ళకోసం సీటు 45 సెంటీమీటర్ల ఎత్తు, చేతులు పెట్టుకునే కర్రలు ముందుకు వచ్చిన కుర్చీ తీసుకోండి, ఇంట్లో అందరికన్నా మంచి లైటు దాని పక్కనే పెట్టండి.

చెక్క, పాలిష్, మన వడ్రంగి

ఓక్, బీచ్, యాష్, బర్చ్: అక్కడి చెక్కలు ఇవి. అక్కడ వాటికి సబ్బు నీళ్ళ పూత పూస్తారు, చెక్క పొడిగా, లేతగా, గుడ్డలా మెత్తగా ఉంటుంది. మన భోజనాల బల్లకి ఈ పూత సరిపడదు. ఒక్క చుక్క పసుపు కలిసిన చారు పడితే మచ్చ పోదు, వేరుశెనగ నూనె దిగితే చుట్టూ నల్లబడుతుంది. మ్యాట్ పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించండి. ‘మ్యాట్’ అన్న మాట రెండుసార్లు చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ అద్దంలా మెరిపించేస్తారు. మెరిసే బల్ల మీద లైటు ప్రతిబింబం కంట్లో పడుతుంది, పైన పడ్డ శ్రమంతా వృథా.

కోస్తా ఊళ్ళలో తేమకి బీచ్ చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది, కీళ్ళు వదులవుతాయి. చెదలు సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ టేకే నయం. టేకు వాడితే స్కాండినేవియన్ కాదేమో అని అనుమానం వద్దు. 1950, 60లలో డేనిష్ ఫర్నిచర్ ప్రపంచమంతా అమ్ముడుపోయిన రోజుల్లో అందులో పెద్ద భాగం టేకుదే, ఆగ్నేయాసియా నుంచి ఓడల్లో తెప్పించుకున్నది. తాతల నాటి టేకు బల్ల ఉంటే దాని మీది ముదురు రంగు, మెరుపు వార్నిష్ గీకించి, నూనె పూతో మ్యాట్ పూతో వేయించండి. ఇంట్లో అన్నిటికన్నా మంచి ముక్క అదే అవుతుంది.

వడ్రంగితో చేయించగలిగినవి చేయించుకోండి: తిన్నని కాళ్ళ బల్ల, పుస్తకాల అరలు, బెంచీ, మంచం. కాళ్ళు కిందికి పోతూ సన్నబడాలని చెప్పండి, పైన నాలుగు సెంటీమీటర్లు, కింద రెండున్నర. సోఫా, టీవీ యూనిట్ అడుగు నేలకి ఆరేడు అంగుళాల పైన ఉండాలి. చీపురు దూరుతుంది, నేల కనిపిస్తే గది పెద్దదనిపిస్తుంది. ఆవిరిలో వంచిన చెక్క వంపులు మాత్రం మామూలు పనిముట్లతో రావు. వంపు వెన్ను కావాలంటే రెడీమేడ్ కొనడమే మంచిది.

గోడలు, గుడ్డలు

అక్కడ గోడలకి తెలుపు వేసేది దొరికిన కాస్త వెలుతుర్నీ గదంతా పంచడానికి. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం పడమటి కిటికీ ఉన్న గదిలో మెరిసే తెలుపు వేస్తే కళ్ళు చెదిరిపోతాయి. మీగడ రంగు, బూడిద కలిసిన తెలుపు, మ్యాట్ ఎమల్షన్. ఉత్తరం గదికి నిజమైన తెలుపు వేసుకోవచ్చు.

గొర్రె ఉన్ని పరుపులు, దట్టమైన ఊలు రగ్గులు హైదరాబాద్‌కి అక్కర్లేదు. స్వీడన్‌లో ఉన్నితో నేసే చదును రగ్గుల పనితనం మన వరంగల్ జంపఖానాల్లో నూలుతో కనిపిస్తుంది. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది వాటికి. ఒకటి రెండు రంగుల చారలున్న జంపఖానా లేత చెక్క బల్ల కింద పరిస్తే ఎంత కుదురుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. ఉతుక్కోవచ్చు కూడా.

ఎక్కడ కొనాలి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి 2018 ఆగస్టు 9 నుంచి స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా ఉంది, దేశంలో వాళ్ళ మొదటి స్టోరు అదే. అక్కడ మొత్తం సెట్టు కొనేయకండి. నిలబడే లైట్లు, షేడ్లు, స్టూళ్ళు, ఈ27 హోల్డరుతో వచ్చే వైరు సెట్లు తెచ్చుకుని, బల్లా అరలూ వడ్రంగితో చేయించుకుంటే ఇల్లు షోరూమ్‌లా కాకుండా మీ ఇల్లులా ఉంటుంది. కొనే వరస కూడా చెప్తాను: మొదటి నెల బల్బులు, తర్వాత బల్ల మీది లైటు, తర్వాత చదివే లైటు, ఆ పైన కుర్చీలు, సోఫా అన్నిటికన్నా ఆఖర్న. సోఫా వచ్చేసరికి గదిలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉంటుంది, చాలాసార్లు అనుకున్నదానికన్నా చిన్న సోఫాతో సరిపోతుంది.

డెన్మార్క్‌లోనో స్వీడన్‌లోనో ఉద్యోగానికి వెళ్ళిన మనవాళ్ళకి ఇంకో మంచి దారి ఉంది. అక్కడ అద్దె ఫ్లాట్‌లో చాలాసార్లు లైట్లు ఉండవు, సీలింగ్‌లో పాయింటు మాత్రమే ఉంటుంది, ఎవరి లైటు వాళ్ళు తెచ్చుకుంటారు. కాబట్టి సెకండ్ హ్యాండ్ లైట్ల బజారు పెద్దది. డెన్మార్క్‌లో డీబీఏ, స్వీడన్‌లో బ్లాకెట్ సైట్లలో అసలైన పాత లైట్లు, కుర్చీలు కొత్తవాటికన్నా బాగా తక్కువకి దొరుకుతాయి. తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోదలిస్తే కుర్చీ కన్నా లైటు నయం. పొరలు విప్పి బట్టల మధ్య సర్దితే సూట్‌కేసులో పడుతుంది. కరెంటు రెండు చోట్లా 230 వోల్టులే, 50 హెర్ట్జే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ప్లగ్ మార్చాలి. 1960, 70ల నాటి లైటయితే లోపలి వైరు గట్టిపడి పగిలి ఉంటుంది, గుడ్డ తొడుగు బాగానే కనిపించినా నమ్మొద్దు. ఇక్కడికి తెచ్చాక ఎలక్ట్రీషియన్‌తో వైరూ హోల్డరూ మొత్తం కొత్తవి వేయించి, లోహపు షేడ్ అయితే ఎర్తింగ్ కలిపించి, అప్పుడే తగిలించండి.